పెరట్లో కుట్టిన పడవ

శ్రీకాకుళం తీరంలో పాతతరం మత్స్యకారుల దగ్గర పడవ మాట ఎత్తితే, వారు మొదట చెప్పేది కొబ్బరి పీచు తాడుతో కుట్టిన పడవ గురించే. పలక అంచును పలక అంచుకు ఆనించి, రెండింటికీ వరుసగా బెజ్జాలు వేసి, సందు మీద ఎండుగడ్డిని ఒత్తుగా పరిచి, తాడుతో బిగించి కుట్టేవారు. లోపల పక్కటెముకల వంటి చట్రం ఉండేది కాదు. తూర్పు తీరంలో కెరటాలు ఒడ్డుకు చేరకముందే విరుగుతాయి. ఆ విరుపులో ఇసుకకు గుద్దుకున్న పడవ బిర్రుగా ఉంటే పగులుతుంది. కుట్లతో ఉన్న పడవ కొద్దిగా వంగి, దెబ్బను ఒళ్లంతా పంచుకుని నిలుస్తుంది. మద్రాసుకు రేవు కట్టకముందు దూరంగా లంగరు వేసిన ఓడల నుంచి మనుషులనూ సరుకులనూ ఒడ్డుకు చేర్చినవి ఈ జాతి పడవలే. ఇంగ్లీషువారు వీటిని మసూలా పడవలని రాసుకున్నారు.

ఇప్పుడు మన ఒడ్డున దుంగలు కట్టిన తెప్పల స్థానాన్నీ, కుట్టు పడవల స్థానాన్నీ చాలావరకు ఫైబర్ పడవలు తీసుకున్నాయి. అయితే పెద్ద యంత్రాలేవీ లేకుండా, ఇంటి పెరట్లో, తన చేతులతో ఒక చిన్న చేపల పడవ కట్టుకోవాలనుకునేవారికి ఈనాడు ఉన్న మార్గాలలో నాకు సులువుగానూ నమ్మకంగానూ తోచినది మళ్లీ కుట్టుపనే. పీచు తాడుకు బదులు రాగి తీగ, మందపు పలకలకు బదులు ప్లైవుడ్, ఎండుగడ్డికి బదులు ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) ముద్ద, గాజు పీచుతో నేసిన బట్ట వచ్చాయి. ఈ పద్ధతి 1960లలో బ్రిటన్‌లో బాగా వ్యాపించింది. ఆ దశాబ్దం మొదట్లో వచ్చిన మిర్రర్ అనే చిన్న తెరచాప పడవను వేలాదిమంది ఇళ్ల దగ్గరే ఇలా కుట్టుకున్నారు. మా పెరట్లో కొబ్బరాకుల పందిరి కింద నేను ఈ పద్ధతిలోనే పడవ కట్టాను. ఆ పనిలో చెక్కకు సంబంధించిన మెలకువలు ఏవో, వాటికి కారణాలేమిటో ఇక్కడ రాస్తున్నాను.

రెండు కుట్లకూ మధ్య ఉన్న తేడాను ముందే గ్రహించడం అవసరం. పాత పడవలో కుట్టు తానే అతుకు. తాడు ఉన్నంతకాలం పలకలు కలిసి ఉంటాయి, తాడు కుళ్లితే కుట్టు విప్పి మళ్లీ కుట్టుకోవాలి. కాబట్టి అక్కడ పలకల అంచులు ఒకదానికొకటి వెంట్రుకవాసి సందు లేకుండా కూర్చోవాలి, అది ఏళ్ల తరబడి చేయి తిరిగినవారి పని. కొత్త పద్ధతిలో కుట్టు కేవలం పట్టుకునే చేయి. మూలలో మెత్తిన ఎపాక్సీ గట్టిపడేదాకా ముక్కలను తమ చోట నిలపడమే దాని పని, ఆ తరువాత తీగను లాగి పారవేయవచ్చు. అంచుల మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు ఉన్నా ముద్ద నింపుతుంది. ఇంట్లో పని చేసుకునేవారికి ఇది పెద్ద వెసులుబాటు. అయితే అతుకు దగ్గర దొరికిన సడలింపు ఆకారం దగ్గర దొరకదు: మెలి తిరిగిన పడవకు ఎపాక్సీ మెత్తితే ఆ మెలి శాశ్వతమవుతుంది. కుట్టు పడవను విప్పి సరిచేసుకోవచ్చు, దీనిని విప్పలేము.

ఏ నీటికి కడుతున్నామన్నది తేల్చుకున్నాకే కొలతలు. నేను కట్టినది వంశధార సముద్రంలో కలిసే చోట నిలిచే నీటికీ, చెరువులకూ సరిపోయే బల్లపరుపు అడుగు పడవ. ఇద్దరు మనుషులు, ఒక వల, చేపల బుట్ట ఇది మోసే బరువు. లోతు తక్కువ నీటిలో గెడతో తోయడానికి బల్లపరుపు అడుగు బాగుంటుంది, నిలబడి వల విసిరినా పెద్దగా ఊగదు. విరిగే కెరటాల మీదికి మాత్రం దీనిని తీసుకుపోకూడదు. పైన చెప్పిన వంగే గుణం దీనికి లేదు, ముందు భాగం కెరటాన్ని చీల్చేంత లోతుగానూ ఉండదు. సముద్రపు వేటకు వెళ్లే పడవలకు మత్స్యశాఖ రిజిస్ట్రేషన్ వంటి నియమాలు వేరే ఉన్నాయి, వాటి జోలికి ఈ వ్యాసంలో వెళ్లను.

కాగితం మీద గీత గీయడానికి ముందు అట్టతో నమూనా చేయమని గట్టిగా చెబుతాను. ఇంట్లో పాత శుభలేఖలు ఎన్నో ఉంటాయి. ఆ అట్ట మందం అడుగుకు అంగుళం లెక్కన చేసే నమూనాకు సరిగ్గా సరిపోతుంది. పదునాలుగు అడుగుల పడవకు పదునాలుగు అంగుళాల బొమ్మ. రెండు తిన్నని పట్టీలను ముందు కొసన కలిపి, మధ్యలో ఒక అడ్డముక్కతో విడదీసి, వెనుక ఒక పలకతో మూసి చూస్తే ఒక ముఖ్యమైన సంగతి కంటికి కనబడుతుంది. పక్క గోడలు పైకి పోయే కొద్దీ బయటికి వాలి ఉంటే, వాటి కింది అంచును తిన్నగా కోసినా సరే, వంచగానే ఆ అంచు మధ్యలో దిగి, రెండు కొసల దగ్గర పైకి లేస్తుంది. గోడ వాలు ఎంత ఎక్కువైతే ఈ లేపు అంత ఎక్కువ. అంటే అడుగు ఎంత వంపు తిరగాలన్నది గీతలో కంటే వాలులోనే ఎక్కువగా ఉంది. ఇది పుస్తకంలో చదివితే తలకెక్కదు, అట్టను రెండు చేతులతో వంచి చూసినప్పుడు క్షణంలో అర్థమవుతుంది.

నా కొలతలు ఇవి: పొడవు 14 అడుగులు, మధ్యలో అడుగు భాగం వెడల్పు 3 అడుగులు, పైన మూతి వెడల్పు 4 అడుగులు, లోతు 18 అంగుళాలు. మూడు అంగుళాల ఎత్తుకు ఒక అంగుళం చొప్పున గోడ బయటికి వాలుతుంది, మూలమట్టం లేకపోయినా ఈ వాలును తాపీ మేస్త్రీ సైతం పట్టగలడు. బరువు లెక్క కూడా కష్టమైనదేమీ కాదు. కొసలు సన్నగిల్లడం వల్ల అడుగు విస్తీర్ణం సుమారు 2.6 చదరపు మీటర్లు వస్తుంది. కనుక పడవ ఒక సెంటీమీటరు మునిగితే 26 లీటర్ల నీటిని తొలగిస్తుంది, అంటే 26 కిలోలను మోస్తుంది. పడవ బరువు 70 కిలోలు, ఇద్దరు మనుషులు, వల, నీరు, చేపలు కలిసి మరో 150 అనుకుంటే మొత్తం 220. ఆ లెక్కన ఎనిమిదిన్నర సెంటీమీటర్లు మునగాలి. కొసలు పైకి లేచి ఉన్నందువల్ల మరికొంత కలుపుకున్నా, నీటి మట్టానికి పైన పన్నెండు అంగుళాలకు మించి గోడ మిగులుతుంది.

ప్లైవుడ్ విషయంలో డబ్బు మిగుల్చుకోవాలని చూడకూడదు. ఐఎస్ (భారతీయ ప్రమాణం) 710 ముద్ర ఉన్న రకం కావాలి. మామూలు ఫర్నిచర్ ప్లైవుడ్‌కు ఐఎస్ 303 ముద్ర ఉంటుంది, అది తడికి పొరలు విడిపోయే అవకాశం ఉన్న సరుకు. ఐఎస్ 710 ప్రమాణంలో ముక్కను 72 గంటలు మరిగే నీటిలో ఉంచినా పొరలు విడిపోరాదు. దుకాణంలో ముద్ర చూసి నమ్మినా, ఒక చిన్న ముక్క అడిగి తెచ్చుకుని పెరట్లో కట్టెల పొయ్యి మీద డేగిసాలో రోజంతా మరగబెట్టి, ఎండబెట్టి, మళ్లీ మరగబెట్టి, ఉలి మొనతో పొరల మధ్య గుచ్చి చూడటం మేలు. షీటు అంచులను కూడా వెలుతురులో తిప్పి చూడాలి. లోపలి పొరల మధ్య ఖాళీలు కనిపిస్తే ఆ షీటు వంచినప్పుడు అక్కడే విరుగుతుంది. పక్కలకు 6 మిల్లీమీటర్లవి రెండు, అడుగుకు 9 మిల్లీమీటర్లవి రెండు, మొత్తం నాలుగు షీట్లు చాలు. వెనుక పలక అడుగు షీట్ల మిగులు ముక్కలను రెండు మడతలుగా అతికిస్తే వచ్చేస్తుంది.

మూతి చుట్టూ బిగించే అంచు బద్దలకూ, కూర్చునే పీటలకూ అసలైన కలప కావాలి. నా దగ్గర ఉన్నవి పనస పలకలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం మీద పడినప్పుడు కొబ్బరి, జీడి, పనస చెట్లు లెక్కకు మించి కూలాయి. మా బంధువుల తోటలో కూలిన ఒక పనస మానును అప్పుడే సామిల్లులో కోయించి, నీడలో బద్దల మీద పేర్చి ఉంచాము. అంగుళం మందానికి ఏడాది ఆరబెట్టాలన్నది కలప పనివారి పాత లెక్క. పలకల మధ్య సన్న బద్దలు పెట్టి గాలి ఆడనివ్వాలి, కొసలకు రంగు పూయాలి. కొసల నుంచి తేమ వేగంగా పోతుంది కనుక పూయకపోతే అక్కడి నుంచే పగుళ్లు లోపలికి పాకుతాయి. పనసలో పసుపుపచ్చని చేవ చెదకు సులువుగా లొంగదు; చుట్టూ ఉండే తెల్ల చెక్కను మాత్రం మొహమాటం లేకుండా కోసి పారవేయాలి. ఎంత ఖరీదైన జాతి చెట్టైనా తెల్ల చెక్కకు మన్నిక ఉండదు. అడితిలో కొనేటప్పుడు టేకు పేరు చెప్పి సగం తెల్ల చెక్క ఉన్న సైజులు అంటగట్టడం మామూలే కాబట్టి, జాతి కంటే ముందు చేవ చూడటం అలవాటు చేసుకోవాలి.

షీటు పొడవు 8 అడుగులే. పడవ పొడవు 14. కనుక మొదటి పెద్ద పని రెండు షీట్లను ఏటవాలుగా అతకడం. అతుకు పొడవు మందానికి ఎనిమిది రెట్లు ఉండాలి: 6 మిల్లీమీటర్ల షీటుకు సుమారు 50 మిల్లీమీటర్లు, 9 మిల్లీమీటర్ల షీటుకు 72. ఇలా అతికిన షీటు వంచినప్పుడు అతుకు దగ్గర గట్టిపడి మడత పడకుండా, మిగతా భాగంతో కలిసి ఒకే వంపు తిరుగుతుంది. పైన ఒక పట్టీ వేసి అతికే పద్ధతి కూడా ఉంది, సులువైనదే. కానీ వంపు ఉన్న పక్క గోడలో ఆ పట్టీ ఉన్న చోట గోడ బల్లపరుపుగా నిలిచిపోయి బయటి నుంచి చూస్తే ఎబ్బెట్టుగా కనబడుతుంది.

ఏటవాలు చిత్రిక పట్టడం నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. షీట్లను బల్ల మీద ఒకదానిపై ఒకటి పేర్చి, ఒక్కొక్కటి అతుకు పొడవంత వెనక్కి జరిపి మెట్ల వలె అమర్చాలి. అన్నింటికంటే కింది షీటు అంచు కింద ఒక పనికిరాని చెక్కను ఉంచాలి, లేకపోతే పలుచనైన అంచు చిట్లుతుంది. తరువాత మెట్ల మూలలన్నింటినీ ఒకేసారి కొట్టేస్తూ చిత్రిక పట్టుకుంటూ పోతే, మెట్లు పోయి ఒకే వాలు మిగులుతుంది. ఆ వాలు సరిగా వస్తున్నదో లేదో చెప్పడానికి పరికరం అక్కరలేదు, ప్లైవుడ్ తానే చెబుతుంది. ముదురు పొర, లేత పొర మారి మారి ఉండటం వల్ల కోసిన వాలు మీద చారలు తేలుతాయి. చారలు తిన్నగా, ఒకే వెడల్పుతో సాగితే వాలు సమంగా ఉన్నట్టు. ఎక్కడైనా చార వంకర తిరిగితే ఆ పక్కన గుంటో గూనో ఉన్నట్టు. చార ఉబ్బిన వైపును చూసుకుంటూ రెండు మూడు పట్లు పడితే సరిపోతుంది. చిత్రిక ఉలిని మాటిమాటికీ నూరుకోవాలి, ఎందుకంటే పొరల మధ్య ఉన్న జిగురు పదునును త్వరగా తినేస్తుంది.

అతికేటప్పుడు ముందుగా రెండు వాలులకూ పలుచని ఎపాక్సీని బ్రష్షుతో పూసి, చెక్క తాగినంత తాగనివ్వాలి. ఆ తరువాతనే చిక్కటి ముద్ద రాసి కలపాలి. వెంటనే చిక్కటిది రాస్తే అందులోని తడిని చెక్క పీల్చుకుని అతుకు పొడిగా మిగులుతుంది. అడుగున ఎరువుల బస్తాలోని ప్లాస్టిక్ కవరు పరిస్తే షీటు బల్లకు అంటుకోదు. ఫెవికాల్‌తో పని అలవాటైన వడ్రంగి ఎంత బిగిస్తే అంత గట్టిదనుకుంటాడు. ఎపాక్సీకి అది చెల్లదు. బిగింపు ఎక్కువైతే జిగురంతా పక్కలకు వచ్చేస్తుంది. పైన ఒక తిన్నని పలక, దాని మీద రెండు మూడు ఇటుకలు ఉంటే చాలు. అతుకులు పడవలో ఒకే చోట రాకుండా, పక్క గోడల అతుకు ముందు వైపుకూ, అడుగు అతుకు వెనుక వైపుకూ పడేట్లు షీట్ల మిగులును ముందే సర్దుకోవాలి.

ఇలా వచ్చిన పదహారు అడుగుల పొడుగు షీటును నిలువునా రెండుగా చేస్తే రెండు పక్క గోడలు. గీత గీయడానికి సన్నని టేకు బద్ద ఒకటి కావాలి. కొలతల దగ్గర మేకులు కొట్టి, బద్దను వాటికి ఆనించి వంచి, నేల మీద కూర్చుని బద్ద కొసకు కన్ను ఆనించి పొడవునా చూడాలి. ఎక్కడైనా మొటిమంత ఎగుడు కనిపిస్తే ఆ చోట మేకు పీకి బద్దను దాని ఇష్టానికి వదిలేయాలి. కొలతకూ బద్దకూ తగువు వస్తే బద్ద మాటే నెగ్గాలన్నది నా అభిప్రాయం. కొలత తీయడంలో పొరపాటు ఉండవచ్చు, ముడులు లేని బద్ద దానంతటది తిరిగిన వంపులో ఉండదు. రెండు గోడలనూ కలిపి బిగించి ఒకేసారి కోయాలి, చిత్రిక కూడా కలిపే పట్టాలి. రెండూ అచ్చం ఒకే తీరుగా ఉన్నప్పుడే పడవ తిన్నగా వస్తుంది.

ఇక కుట్టు. అంచు నుంచి సెంటీమీటరు లోపలగా, ఆరు అంగుళాలకొకటి చొప్పున బెజ్జాలు వేస్తాము. ముందు కొస దగ్గర వంపు బిగువు ఎక్కువ కనుక అక్కడ మూడు అంగుళాలకొకటి. ఇళ్లలో వైరింగు మార్చినప్పుడు మిగిలే రాగి తీగ తొడుగు తీసేస్తే సరిగ్గా సరిపోతుంది. ఇనుప బైండింగు తీగ చౌకే కానీ తెగి లోపల మిగిలిపోతే తుప్పు పట్టి చెక్కను నల్లబరుస్తుంది. తీగను జానెడు ముక్కలుగా కోసి, బెజ్జాల గుండా దూర్చి, బయటి వైపు చేతితోనే వదులుగా మెలి పెట్టి వదిలేయాలి. మొదట రెండు గోడలనూ ముందు కొసన కుట్టాలి, పుస్తకం తెరిచినట్టు విడదీసి మధ్యలో అడ్డుచట్రాన్ని నిలపాలి, వెనుక కొసలను తాడు మెలితో దగ్గరకు లాగి వెనుక పలకకు కుట్టాలి. ఇక్కడ ఇద్దరు మనుషులు ఉంటే మంచిది. అంతవరకు నేల మీద పడి ఉన్న రెండు చెక్కలు ఒక్కసారిగా పడవ ఆకారం దాలుస్తాయి.

అప్పుడే కటింగ్ ప్లేయరు తీసి కుట్లు బిగించాలన్న తొందర పుడుతుంది. కుట్లు వదులుగా ఉండగానే మూడు పరీక్షలు చేయాలి. ముందు కొస నుంచి వెనుక పలక మధ్యకు నూలు దారం కట్టి, అడ్డుచట్రం మధ్య గీత దాని కిందికి వచ్చిందా చూడాలి. ముందు కొస నుంచి వెనుక పలక రెండు మూలలకూ టేపు పట్టి రెండు కొలతలూ సమానమా చూడాలి. మూడవది మెలి పరీక్ష: మూతి మీద ముందొకటి, వెనుకొకటి తిన్నని బద్దలు అడ్డంగా పరిచి, వంగి ఒక బద్ద పైఅంచు మీదుగా రెండవదానిని చూస్తే రెండూ ఒకే గీతగా కలిసిపోవాలి. ఒక కొస పైకి తేలితే పడవ ఆ వైపు మెలి తిరిగినట్టు. తేలిన మూల మీద ఇసుక బస్తా పెట్టి, ఎదుటి మూల కింద చెక్క దూర్చి సరిచేయాలి. ఇవి కుదిరిన తరువాతనే కుట్లను ముందు నుంచి వెనక్కి, రెండు వైపులా మార్చి మార్చి, కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి.

అడుగు చెక్క ఆకారాన్ని ముందుగా గీయవలసిన పని లేదు. పెంకును, అంటే ఇప్పటిదాకా కుట్టిన గూడును, బోర్లించి, గోడల కింది అంచులను అడుగు షీటు సమంగా కూర్చునేలా వాలుగా చిత్రిక పట్టి, షీటును పైన పరిచి, లోపలి నుంచి పెన్సిలుతో గీసుకుని, వేలెడు ఎక్కువ ఉంచి కోయడమే. తరువాత దానినీ అలాగే కుట్టాలి. ఈ వాలు పట్టేటప్పుడు కోణం ముందు నుంచి వెనక్కి మారుతూ పోతుంది కాబట్టి, ఒక తిన్నని కర్రను రెండు గోడల మీదా అడ్డంగా పెట్టి, అది రెండు అంచులనూ పూర్తిగా తాకేదాకా పట్టుకుంటూ పోవాలి.

ఎపాక్సీ కలపడం వంటింటి తూకం మీద జరగవలసిన పని; కంటి అంచనా పనికిరాదు. తయారీదారు చెప్పిన పాళ్లను గ్రాములలో తూచాలి, హార్డెనర్ (గట్టిపరిచే రెండవ ద్రవం) ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుందనుకోవడం పొరపాటు. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఇది గట్టిపడే వేగం దాదాపు రెట్టింపవుతుంది. రోహిణి కార్తె మధ్యాహ్నం మగ్గులో నిండా కలిపితే అది తన వేడికి తానే పొగలు కక్కి రాయి అవుతుంది. తెల్లవారుజామున, కొద్ది కొద్దిగా, వెడల్పాటి పళ్లెంలో పోసుకుని పని చేసుకోవాలి. వానాకాలపు తేమలో మరొక చిక్కు ఉంది: గట్టిపడిన పూత మీద జిడ్డు పొర ఏర్పడుతుంది, దాని మీద రెండవ పూత అంటుకోదు. మంచినీటితో గుడ్డ పెట్టి తుడిచి, ఆరిన తరువాత గరుకు కాగితం పట్టాలి. చేతికి తొడుగులు లేకుండా ఈ పని చేయకూడదు. ఒకసారి ఒంటికి సరిపడకుండా పోతే, అది తగిలినప్పుడల్లా ఆ మనిషికి జీవితాంతం దద్దుర్లు తప్పవు.

ఫైబర్ పడవల షెడ్లలో వాడే పాలిస్టర్ రెజిన్ చౌక. అదే వాడవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. అచ్చులో పోసి పడవ తీయడానికి అది బాగుంటుంది, చెక్కకు మాత్రం గట్టిగా పట్టదు. కొన్నేళ్లకు పెచ్చుగా లేచి, లోపల నీరు చేరి చెక్క కనబడకుండా కుళ్లుతుంది. వారు వాడే పీచు చాప కూడా మనకు పనికిరాదు, దానిలోని బంధకం పాలిస్టర్‌లో కరిగేలా చేసినది. ఎపాక్సీకి నేసిన గాజు బట్టే తీసుకోవాలి.

మెత్తే ముద్దకు జల్లించిన మెత్తని రంపపు పొట్టును ఎపాక్సీలో కలుపుతాము. గరిటె మీంచి జారకుండా నిలిచే చిక్కదనం రావాలి. ముందు కుట్లకూ కుట్లకూ మధ్య ముద్దలు పెట్టి గట్టిపడనిచ్చి, తీగలను కోసి లాగేస్తాము. రానివాటిని బయటి కొసను నిప్పుతో వేడి చేస్తే జారి వచ్చేస్తాయి. తరువాత మూల పొడవునా ముద్ద మెత్తి, గుండ్రని అంచు ఉన్న చెక్క గరిటెతో ఒకే ఊపులో లాగితే, మూల లోపల బొటనవేలు ఒదిగేంత గుండ్రని పల్లం వస్తుంది. అది ఇంకా పచ్చిగా ఉండగానే నాలుగు అంగుళాల గాజు పట్టీ ఒకటి, దాని పైన మూడు అంగుళాలది ఒకటి పరిచి ఎపాక్సీతో తడపాలి. తడిసిన పట్టీ గాజులా పారదర్శకమవుతుంది. తెల్లగా మిగిలిన చోటల్లా గాలి ఉన్నట్టు, బ్రష్షు కొసతో పొడిచి వదిలించాలి. బయటి మూలలను గుండ్రంగా చేసి అలాగే పట్టీలు వేయాలి, ఎందుకంటే పదునైన మూల మీద బట్ట కూర్చోదు. అడుగు మొత్తానికి ఒక పొర బట్ట వేస్తే ఇసుక మీద లాగినా తట్టుకుంటుంది.

మూతి అంచు బద్దలు కట్టేవరకు పెంకు మూతి చేతికి ఊగుతూనే ఉంటుంది. బద్ద బిగించగానే పడవకు బలం వస్తుంది. ముడులు లేని, నార పొడవునా సాగిన బద్దను ఎంచుకుని, ఎపాక్సీ రాసి, మధ్య నుంచి రెండు కొసలకూ బిగించుకుంటూ పోవాలి. మరలు ఇత్తడివో స్టెయిన్‌లెస్ స్టీలువో ఉండాలి. బెజ్జాన్ని మర కంటే పెద్దదిగా వేసి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక అందులో మళ్లీ సన్నబెజ్జం వేసి మర దింపితే నీరు చెక్కను చేరే దారి మూసుకుపోతుంది. పీటల కింద థర్మోకోల్ దిమ్మలు అమర్చి పలకతో మూసివేయాలి. చెక్క తేలుతుంది కానీ నీరు నిండిన పడవ మనుషులను కూడా తేల్చాలంటే ఈ దిమ్మలలోని గాలి కావాలి. గెడకు మన తీరంలో విరివిగా దొరికే సరుగుడు వాసం బాగుంటుంది, అయితే పచ్చిది నిలువునా పగులుతుంది కనుక నీడలో ఆరబెట్టాలి.

ఎపాక్సీ ఎండకు పాడవుతుంది, కాబట్టి పైన పెయింటు తప్పనిసరి. లోపల లేత రంగు వేస్తే ఎండలో కాలు పెట్టగలుగుతాము. ఎపాక్సీ తగలని పీటలకూ, కాళ్ల కింది పలకలకూ పలాస జీడి ఫ్యాక్టరీల నుంచి వచ్చే జీడిపిక్కల నూనె పూశాను. పడవ కర్రకు ఇది పాతకాలపు కవచమే, చెదను దరిచేరనివ్వదు. కానీ పచ్చి నూనె చర్మానికి తగిలితే బొబ్బలు లేస్తాయి. బాగా ఆరే వరకు ఆ పీట మీద ఎవరినీ కూర్చోనివ్వకూడదు.

పడవను నీటిలోనే వదిలేసే అలవాటు మాత్రం వద్దు. నదీ ముఖంలోని ఉప్పునీటిలో కర్రను తొలిచే పురుగు ఉంటుంది. పూత గీరుకుపోయిన చోట సూదిమొనంత బెజ్జంతో దూరి లోపల సొరంగాలు చేస్తుంది. ఒడ్డుకు లాగి ఆరబెట్టే పడవ దానికి దొరకదు. లోపల నిలిచే వాననీరు అంతకంటే తరచుగా వచ్చే ముప్పు. బందరువానిపేట వైపు ఒడ్డున పాత పడవలు కుట్టిన ఒక తాతను అడిగితే ఆయన ఒక్క మాటలో తేల్చారు: "ఉప్పునీళ్లకి కర్ర సెడదు బాబూ, వాననీళ్లు నిలవుంటేనే సెడతాది." కలపలో తేమ ఇరవై శాతం దాటి నిలిస్తే కుళ్లు బూజు పడుతుంది, ఉప్పు దానిని కొంత ఆపుతుంది. కనుక పడవను రెండు మొద్దుల మీద, నేలకు తగలకుండా, గాలి ఆడేలా బోర్లించి ఉంచుతాము.

ఏడాదికొకసారి, వానలు మొదలయ్యే ముందు, మూలల పొడవునా రూపాయి బిళ్లతో తట్టి చూస్తాను. గట్టి చోట టకటకమంటుంది, పట్టీ లేచిన చోట బోలుగా వినబడుతుంది. అక్కడ పట్టీని చెక్క కనబడేదాకా గరుకు కాగితంతో గీరి, వారం పాటు ఆరనిచ్చి, చుట్టూ రెండు అంగుళాలు కలిసేలా కొత్త పట్టీ వేస్తే సరి. అడుగున ఇసుక రాపిడికి అరిగే రెండు బద్దలను మాత్రం ఎపాక్సీతో అతకకుండా మరలతోనే బిగించాను. అవి అరిగిపోవడానికే ఉన్నాయి, అరిగినప్పుడు విప్పి కొత్తవి వేసుకోవాలి.